సమ్మర్ క్యాంప్ రివ్యూ: ఒక్క నిమిషం బోర్ కొట్టనివ్వం అన్నారు, అన్నంత పనీ చేశారు

ఏప్రిల్ ఆఖర్లో మావాణ్ణి (ఎనిమిదేళ్లు) మా కాలనీ దగ్గర ఒక సమ్మర్ క్యాంప్‌లో చేర్చాను. మూడు వారాలు, ఫీజు 4,500. పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్లొక్కళ్లదే కాదు, పాంప్లెట్ మీద ‘మీ పిల్లలకి ఒక్క నిమిషం కూడా బోర్ కొట్టదు’ అని చూసి పరిగెత్తుకెళ్లి డబ్బు కట్టింది నేనే.

ఏసీ పనిచేసింది, బాత్‌రూములు శుభ్రంగా ఉన్నాయి, టీచర్లు పిల్లల మీద విసుక్కోలేదు. ఇబ్బంది అంతా ఆ టైమ్‌టేబుల్‌తోనే. అబాకస్, స్లైమ్, డాన్స్, డ్రాయింగ్, నలభై నిమిషాలకో బెల్లు. డ్రాయింగ్‌లో పద్దెనిమిది మందీ ఒకటే బొమ్మ: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఇల్లు. మావాడు ఆ ఇంటి గోడ మీద బల్లిని గీస్తే, టైమ్ అయిపోతోందని చెరిపించారట. రెండో వారానికల్లా ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండానే ‘నెక్స్ట్ ఏంటమ్మా?’ అనడం మొదలుపెట్టాడు, అన్నం తింటూ కూడా అదే మాట.

క్యాంప్ అయ్యాక తెనాలి దగ్గర మా అమ్మ వాళ్ల ఊరు వెళ్లాం. అక్కడ వాడి వయసు పిల్లలు లేరు, అమ్మది బటన్ల ఫోను. మొదటి రెండు రోజులు నరకం చూపించాడు.

‘బోర్ కొడుతోంది అమ్మమ్మా!’

‘కొడితే కొట్టనీరా, దెబ్బేం తగలదులే’ అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ముంజెలు తినేసి పడేసిన కాయలు రెండు పట్టుకొచ్చి బండి చేస్తానన్నాడు. ‘మీ అమ్మా చేసేది’ అనడం తప్ప ఆవిడేమీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. చీపురుపుల్ల గుచ్చితే విరిగింది, కంది కంప పెడితే చిల్లు మధ్యలో లేక బండి పక్కకి ఒరిగింది, చివరికి వేపపుల్ల నిలబడింది, పంగల కర్రతో తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి సాయంత్రం అయిదయింది. మర్నాడు వరండా గోడ మీద బొగ్గుతో బల్లి వెలిసింది. దానికి మాత్రం అమ్మ తిట్టింది.

2014లో శాండీ మాన్, రెబెకా కాడ్మన్ అనే బ్రిటన్ పరిశోధకులు కొందరి చేత టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు రాయించి, తర్వాత రెండు కప్పులతో ఏమేం చేయొచ్చో చెప్పమంటే, ఆ నంబర్లు రాయనివాళ్ల కంటే అలా విసుగెత్తిన వాళ్లే ఎక్కువ ఉపాయాలు చెప్పారట. అది పెద్దవాళ్ల మీద చేసింది కాబట్టి పిల్లలకీ అంతే అని వాదించను, కానీ ఆ బండి చూశాక నాకు నమ్మబుద్ధయింది.

తిరిగొచ్చాక క్యాంప్ ఆయన్ని అడిగాను: ఒక పీరియడ్ ఖాళీగా వదిలేయండి సార్, మూలన కాసిని అట్టముక్కలు, పురికొస పడేసి ఎవరూ ఏమీ చెప్పకండి అని. ‘ఖాళీగా కూర్చోబెడితే ఫీజెవరు కడతారు మేడమ్?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

నా రేటింగ్ అయిదుకి రెండున్నర. ఇద్దరూ ఉద్యోగాలకెళ్తూ ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే మూడున్నర అనుకోండి. వారం ప్యాకేజీ కూడా ఉంది, 1,800, కానీ అడిగితేనే చెబుతారు.