పామాయిలా, వేరుశనగ నూనెనా: నేలకు ఏది మేలు?

బెంగళూరులో స్థిరపడిన రాయలసీమ కుటుంబాలు అనంతపురం వైపు పండే వేరుశనగ నూనెను ఇష్టపడుతూ, దగ్గరి పంట గనుక పర్యావరణానికీ అదే మంచిదని చెబుతుంటాయి. ఆ ఎంపిక సరైనదే కానీ, దానికి ప్రధాన కారణం దూరం కాదు. పామాయిల్ దూరం నుంచి వచ్చినా ఓడల్లో వస్తుంది; టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి ఓడ వెదజల్లే కర్బనం లారీ కంటే ఎన్నో రెట్లు తక్కువ.

అసలు తేడా నేలలో ఉంది. ప్రపంచ పామాయిల్‌లో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇండోనేసియా, మలేసియాలదే. సుమత్రా, బోర్నియో దీవుల్లో తోటల కోసం అడవులు నరకడమే కాక, ఆకులలములు కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న పీట్ నేలల్లోని నీటిని కాలువలు తవ్వి తోడేశారు. ఎండిన ఆ నేల నిప్పంటుకుంటే నెలల తరబడి లోలోపల కాలుతుంది. 2015లో ఇండోనేసియాలో రేగిన పొగ సింగపూర్‌ను కమ్మేసింది. ఒరాంగుటాన్‌లు ఉండే చోటు నానాటికీ కుంచించుకుపోతోంది. 1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు తెరిచిన మన దేశమే నేడు పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకుంటోంది గనుక, ఇందులో మన పొయ్యిలకూ వాటా ఉంది.

వేరుశనగ చాలావరకు వానకే పండుతుంది, నేలకు నత్రజని ఇస్తుంది, గానుగలో మిగిలిన చెక్క పశువులకు మేత అవుతుంది. అయితే హెక్టారు పామాయిల్ తోట ఏటా 3, 4 టన్నుల నూనె ఇస్తే, అంతే నేలలో వేరుశనగ నుంచి టన్ను నూనె కూడా రాదు. దేశమంతా పామాయిల్ మానేసి వేరుశనగకు మారితే, దానికి కావలసిన సాగుభూమి కోసం మరెక్కడో అడవులు పోతాయి. ఈ లెక్కను వదిలేసి పామాయిల్‌ను నిషేధించమనడం నాకు న్యాయంగా తోచదు.

గోదావరి జిల్లాల పామాయిల్ వానాడవులను నరికి వేసినది కాదు గనుక కొంత నయమే. కానీ ఆ చెట్లకు నీరు విపరీతంగా కావాలి, బోర్ల మీదే ఆధారపడిన చోట భూగర్భ జలానికి ముప్పు.

కాబట్టి ఇంటి వంటకు నేను వేరుశనగ నూనెనే ఎంచుకుంటాను, అదీ తక్కువగా: తలకు ఏడాదికి 12 కిలోలు చాలని పోషకాహార నిపుణులు చెబుతుండగా మనం 19 కిలోల దాకా వాడుతున్నాము. బిస్కెట్లు, మిక్చర్ వంటి వాటిలో పామాయిల్ తప్పదు గనుక, అడవులు నరకని తోటల నుంచే కొనమని ఆ కంపెనీలను అడగాలి.