బోస్టన్ ఫ్రీడమ్ ట్రయల్: ఫోన్‌లో కథ వింటూ నడవాలంటే

పిల్లలతో బోస్టన్ వెళ్తుంటే అమెరికా స్వాతంత్ర్య పోరాట స్థలాల మీదుగా సాగే ఫ్రీడమ్ ట్రయల్‌ని గైడ్‌తో కాకుండా ఫోన్‌తో నడవమని చెప్తాను. దాదాపు 4 కిలోమీటర్ల దారి, 16 చారిత్రక స్థలాలు, నేల మీద ఎర్ర గీత (కొన్నిచోట్ల ఇటుక, కొన్నిచోట్ల పెయింట్) పట్టుకుని పోవడమే. మేం వాడింది జియోక్యాషింగ్ (జీపీఎస్ పట్టుకుని దాచిన వస్తువులు వెతికే ఆట) వాళ్ల అడ్వెంచర్ ల్యాబ్ యాప్, ఉచితం. ఆ చోటికి వెళ్తేనే జీపీఎస్ చూసి ప్రశ్న తెరుచుకుంటుంది, అక్కడున్నదాన్ని చూసి జవాబు కొడితే మిగతా కథ వస్తుంది.

బ్రిటిష్ పాలన నాటి ప్రభుత్వ భవనం ఓల్డ్ స్టేట్ హౌస్ దగ్గర, పైన రెండు పక్కలా ఏ జంతువులున్నాయని అడిగింది. మా అమ్మాయి ప్రశ్నని తెలుగులో చెప్పగానే మా అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని పైకి చూసి, "ఒకటి సింహమే, రెండోది కొమ్మున్న గుర్రంలా ఉందే" అన్నారు. అవి బ్రిటిష్ రాజచిహ్నాలట. 1776 జూలై 18న ఆ బాల్కనీ నుంచే స్వాతంత్ర్య ప్రకటన చదివారు, ఆ రోజే జనం ఆ బొమ్మల్ని పీకి తగలబెట్టారు, ఇప్పుడున్నవి తర్వాత పెట్టినవి. "మరి మళ్లీ ఎందుకు పెట్టారు?" అని అమ్మాయి అడిగితే అక్కడే నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ బాల్కనీకి ఎదురుగా నేల మీద గుండ్రంగా పేర్చిన రాళ్లున్నాయి, 1770 మార్చి 5న బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో చనిపోయిన ఐదుగురి గుర్తుగా. జనం వాటి మీదుగా నడిచిపోతుంటారు, ఫోన్ మమ్మల్ని ఆపకపోయుంటే మేమూ అలాగే పోయేవాళ్లమే.

అన్ని కథలూ ఇలా ఉండవు. వీటిని రాసేది మనలాంటి యూజర్లే కాబట్టి కొన్ని ఫలకం మీద సంవత్సరం అడిగి ఊరుకుంటాయి, పైకి చూడాల్సిన పనే ఉండదు, అలాంటివి నాకు నచ్చలేదు. మొదలుపెట్టే ముందు రేటింగులు చూసుకోండి. ఎత్తైన బిల్డింగుల మధ్య జీపీఎస్ తడబడి, ఎదురుగా నిలబడ్డా ఇంకా దూరంగా ఉన్నారంటుంది. కాస్త ఖాళీ ఉన్న వైపు నడిస్తే సర్దుకుంటుంది. పవర్ బ్యాంక్ తప్పనిసరి. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్ కూడా దించుకోండి, నెట్ లేకపోయినా పనిచేసేలా సేవ్ చేసుకోవచ్చు, కానీ అందులో వెతికే సరదా లేదు.

డౌన్‌టౌన్‌లో హోటళ్లు బాగా ఖరీదు. మేం ఊరి బయట క్విన్సీ వైపు దిగి రెడ్ లైన్ మెట్రోలో పార్క్ స్ట్రీట్‌కి వచ్చాం, టికెట్ 2.40 డాలర్లు, దిగగానే ట్రయల్ మొదలయ్యే పార్కు బోస్టన్ కామన్. రూమ్ శుభ్రంగానే ఉంది కానీ స్టేషన్‌కి షటిల్ ఉందన్నవాళ్లు పొద్దున ఎనిమిది దాటాక లేదన్నారు, పెద్దవాళ్లతో టెన్షన్ పడ్డాం. బుక్ చేసే ముందే టైమింగ్స్ అడగండి.

ట్రయల్ చివర్లో, చార్లెస్‌టౌన్‌లో ఉన్న యుద్ధ స్మారకం బంకర్ హిల్ స్తంభానికి 294 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని అక్కడిదాకా నడిపించొద్దు, ఓల్డ్ నార్త్ చర్చి దగ్గర ఆపేసి, మిగతాది వేరే రోజు ఫెర్రీలో చార్లెస్‌టౌన్ వెళ్లి చూడండి.