రిటైరయ్యాక రాజమండ్రా, కాకినాడా?

పోయినేడు మా ఆయన రిటైరయ్యారు. హైదరాబాద్‌లో అద్దె కట్టుకుంటూ పెన్షన్ మీద బతకడం కష్టమని ముందే అనుకున్నాం. ఇద్దరం గోదావరి జిల్లాల వాళ్లమే కాబట్టి చివరికి రెండు ఊళ్లు మిగిలాయి. ఏదో ఒకటి అనుకుని సామాను సర్దేయకుండా, ఒక్కో ఊళ్లో నెల రోజులు అద్దెకుండి చూశాం. మీరూ అలాగే చేయండి. చుట్టపుచూపుగా వెళ్లొస్తే ఏ ఊరైనా బాగానే ఉంటుంది.

మనసునడిగితే రాజమండ్రే. తెల్లారేసరికి గోదావరి గట్టున నడక, మధ్యాహ్నం గౌతమీ గ్రంథాలయం. మొక్కల పిచ్చి ఉన్నవాళ్లకు కడియం నర్సరీలు పక్కనే. చెన్నై-హౌరా మెయిన్ లైన్ మీది స్టేషన్, మధురపూడిలో విమానాశ్రయం. పిల్లలు వచ్చిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ ఎండ! మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆయనకు బీపీ. తొమ్మిది దాటాక గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. 2027లో పుష్కరాలు కూడా వస్తున్నాయి, ఆ రద్దీలో ఇల్లు వెతుక్కోవడం మా వల్ల కాదు.

కాకినాడను పెన్షనర్ల స్వర్గమని ఎప్పటినుంచో అంటారు. అక్కడున్నాక ఎందుకో అర్థమైంది. వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, దారి తప్పుతామన్న భయం లేదు. రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా పెద్దాసుపత్రి ఊళ్లోనే ఉంది. ఏదైనా జరిగితే ఎక్కడికి పరుగెత్తాలన్న టెన్షన్ నాకు సగం తగ్గింది. హైదరాబాద్ వైపు వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఇక్కడే బయల్దేరుతుంది. ఆగి ఉన్న బండిలో సంచులు నిదానంగా పెట్టుకుని, కింది బెర్త్ మీద దుప్పటి పరుచుకోవచ్చు. రాజమండ్రిలో అయితే రెండు నిమిషాల్లో ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. మెయిన్ లైన్ బండ్లు చాలావాటికి సామర్లకోట వెళ్లాలి. ఉక్కపోత ఎక్కువ. నవంబరు దాటేదాకా తుఫాను కబుర్లు వింటూనే ఉండాలి, గట్టి వాన పడితే పల్లపు వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. కింది అంతస్తు చవకగా వస్తుందని తీసుకోకండి. రెండు ఊళ్లలోనూ అద్దెలు హైదరాబాద్ కంటే బాగా తక్కువ, కాబట్టి ఆ కాస్త తేడా కోసం ఆశపడొద్దు. మీ హెల్త్ కార్డు అక్కడి ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో కూడా ముందే కనుక్కోండి.

అసలు నేను ఒక్కటే చూశాను. రేపు ఇద్దరిలో ఒకరమే మిగిలితే, ఆ ఒక్కరూ ఈ ఊళ్లో నెట్టుకురాగలరా? కాకినాడలో ఒకరోజు ఆయన్ని ఇంట్లో ఉండమని నేనొక్కదాన్నే బయల్దేరాను. బ్యాంకు, మందుల షాపు, కూరగాయలు, అన్నీ నడిచే చూసుకుని పదకొండుకల్లా ఇంటికొచ్చాను. రాజమండ్రిలో మేమున్న ఇంటి నుంచి ఇవే పనులకు రెండుసార్లు ఆటో ఎక్కాల్సి వచ్చింది.

చివరికి కాకినాడలోనే, గాంధీనగర్ పార్కుకు దగ్గర్లో, మొదటి అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. గోదావరి మీద బెంగ పుట్టినప్పుడు పొద్దున్నే బస్సెక్కి పుష్కర ఘాట్‌కు వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చేస్తున్నాం.