రీసేల్ ఫ్లాట్ల పనిలో నాలుగేళ్లుగా రాస్తున్న పనుల చిట్టా: నా అనుభవం

నేను హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతి నగర్, బాచుపల్లి వైపు రీసేల్ ఫ్లాట్లు చూపిస్తుంటాను. ఈ లైన్లో ఫ్లాటు అమ్మడం కంటే, అమ్మాలనుకుంటున్న ఓనర్ అందరికంటే ముందు మనకు తగలడమే కష్టం. ఒక డీల్ కుదిరిందంటే రిజిస్ట్రేషన్ దాకా దాని చుట్టూనే తిరుగుతాం. ఈసీ (ఫ్లాటు మీద ఉన్న అప్పులు, పాత లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), బ్యాంకు లోను, రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాటు. కమీషన్ చేతికొచ్చాక చూసుకుంటే కొత్త పార్టీ ఒక్కరూ ఉండరు. మొదటి రెండేళ్లు నా పని ఇంతే, ఒక నెల పండగ, రెండు నెలలు పస్తు.

అప్పుడు మొదలుపెట్టాను ఈ చిట్టా. ముందు ఫోన్లో ఒక యాప్‌ వాడాను, నాలుగు నెలలు. అందులో మిగిలిపోయిన పని దానంతటదే మర్నాటికి వెళ్లిపోతుంది. ముప్పై పనులు ఎర్రరంగులో పేరుకున్నాయి, చూసీ చూసీ కంటికి అలవాటైపోయాయి. అందుకే రెండొందల పేజీల పొడుగు నోటుబుక్కుకి మారాను. ఇందులో మిగిలిన పనిని చేత్తో మళ్లీ రాసుకోవాలి. మూడోసారి అదే పేరు రాస్తుంటే నిజంగా సిగ్గేస్తుంది. నాలుగోసారి రాయాల్సి వస్తే పొద్దున మొదటి ఫోన్ అదే, లేదా ఆ పేరు కొట్టేయడమే.

రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు చాలు. ఎనిమిది లైన్లకు మించి రాయను. ‘ఓనర్లకు ఫోన్లు చేయాలి’ అని రాసిన రోజు ఒక్క ఫోనూ కదలదు. ‘చెరువు వైపు అపార్ట్‌మెంటు, మూడో ఫ్లోర్ టూ బీహెచ్‌కే, కిరాయికున్నవాళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు?’ అని రాస్తే నంబరు నొక్కడమే తరువాయి. రోజూ రెండు లైన్లు వాచ్‌మెన్లవి. ఏ ఫ్లాటు ఖాళీ అవుతోందో, ఏ ఇంట్లో అమ్మకం మాటలు నడుస్తున్నాయో వాళ్లకు ముందే తెలిసిపోతుంది. వాళ్లతో ఫోన్లో పని జరగదు. సాయంత్రం వెళ్లి, టీ తాగుతూ, పిల్లల ఫీజుల సంగతి అడిగాక గానీ అసలు మాట బయటికి రాదు.

ఈ పుస్తకం నన్ను మోసం చేసిన సందర్భమూ ఉంది, తప్పు నాదే అనుకోండి. బాచుపల్లిలో ఒక ఓనర్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు, అయినా టిక్కు పెట్టేశాను. పని అయిపోయినట్టే అనిపించింది. మూడు వారాల తర్వాత అటు వెళ్తే వాచ్‌మన్ అన్నాడు, ‘ఎక్కడికి పోయావ్ అన్నా, మొన్ననే టోకెన్ ఇచ్చిండ్రు’ అని. అంటే ఆ ఫ్లాటుకి వేరేవాళ్ల అడ్వాన్స్ పడిపోయిందన్నమాట. అప్పట్నుంచీ మాట్లాడితేనే టిక్కు. ఎత్తకపోతే సున్నా చుట్టి వదిలేస్తాను. కొన్ని పేజీల్లో అన్నీ సున్నాలే.

ఆదివారం సైట్ విజిట్ల రోజు, చిట్టా ఏమీ నడవదు. ఆ రోజు రెండు లైన్లతో సరిపెడతాను. పాత పార్టీ నంబరు వెతకాలన్నా పుస్తకం దండగ, దానికి ఎక్సెల్ షీటు వేరే ఉంది. మనసుకి తేలికైన పనులు ముందు ముగించి, కష్టమైన ఫోన్‌ని సాయంత్రానికి నెట్టే రోగం కూడా దీంతో పోలేదు.

నాకు బాగా కలిసొచ్చింది ఆషాఢంలో. ఆ నెల ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరని తోటివాళ్లు చాలామంది ఊళ్లకు పోతారు. నేను ఎనిమిది లైన్లూ ఓనర్లకే రాస్తాను. శ్రావణంలో పార్టీలు దిగేసరికి చూపించడానికి తాళాలు నా దగ్గరుంటాయి.

పొద్దున ఏడున్నర అమెరికాలో ఉన్న ఓనర్లకు. డల్లాస్‌లో అప్పుడు ఎండాకాలమైతే రాత్రి తొమ్మిది, చలికాలమైతే ఎనిమిది. వాళ్ల పేరు పక్కనే ‘జీపీఏ, టీడీఎస్’ అని రాసుకుంటాను. జీపీఏ అంటే వాళ్ల తరఫున సంతకం పెట్టే అధికారం ఇక్కడొకరికి రాసివ్వడం, టీడీఎస్ అంటే కొనేవాళ్లు ధరలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఫ్లాటుకు కొనేవాళ్లు మామూలుగా పట్టుకునే 1 శాతం లెక్క ఎన్నారై ఓనర్‌కి వర్తించదు, అంతకంటే చాలా ఎక్కువ పట్టుకోవాలి. ఆ సంగతి టోకెన్‌కి ముందే చెప్పకపోతే చివర్లో గొడవే.

ఇప్పుడు అలాంటి ఓనర్ ఒకాయన ‘ఇండియా వచ్చాక చూద్దాం’ అంటూనే ఉన్నారు. ఆయన పేరు ఈ వారం మూడుసార్లు ఎక్కింది. రేపు ఏడున్నరకు మొదటి ఫోన్ ఆయనకే.