తప్తపాణి వేన్నీళ్లు, నా మోకాళ్లు

"ఇదేటే అమ్మా, మట్టెలు నల్లగైపోనాయి!" అని మా వదిన పెట్టిన కేకకి చెరువులో ఉన్న ఒడియా ఆడవాళ్లంతా తిరిగి చూశారు. గంధకం నీళ్లు తగిలితే వెండి నల్లబడుతుందని ముందే చెప్పాను. నావి తీసి కొంగున ముడేసుకున్నాను కూడా. ఆవిడ వింటేగా.

నాకు రుమటాయిడ్ కీళ్లవాతం మొదలై తొమ్మిదేళ్లు. పొద్దున్న లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగియదు. పాల ప్యాకెట్టు కత్తిరించడం, జాకెట్టు హుక్కులు పెట్టడం మా ఆయన డ్యూటీ. చలికాలం మరీ నరకం. వేడినీటి ఊటలో మునిగితే కీళ్లు వదులవుతాయని చుట్టాల్లో చెప్పనివాళ్లు లేరు. సరే, పెద్దపండగ పనులు మొదలవకముందే ఒడిశాలోని తప్తపాణి వేడినీటి ఊట చూసొద్దామని ముగ్గురం ఆమదాలవలసలో రైలెక్కాం.

పలాస, ఇచ్ఛాపురం దాటితే బరంపురం. అక్కడి నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి 50 కిలోమీటర్లు ఉంటుంది. పాతపట్నం వైపు వాళ్లకి పర్లాకిమిడి, మోహన మీదుగా కొండదారి ఉంది గాని, మలుపు మలుపుకీ మోకాలు బిగబట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. బరంపురంలో భాష ఇబ్బంది లేదు. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, ఆటో బేరం తెలుగులోనే తెగింది. ఊరి అప్పడాలు, పచ్చళ్లు మాత్రం తిరుగు ప్రయాణంలోనే కొనండి. ముందే కొంటే మోత.

ఆ రాత్రి బరంపురంలో దిగిన లాడ్జి గురించి ఒక్క మాట. లిఫ్టుందని ఫోన్లో చెప్పారు. ఉంది, నడవదు. గది రెండో అంతస్తులో. బాత్రూంలో కింద కూర్చునే దొడ్డి ఒక్కటే. మోకాళ్లు వంగనివాళ్లకి అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. అప్పటినుంచి ఎక్కడ గది అడిగినా మూడే ప్రశ్నలు వేస్తున్నాను: కింది అంతస్తేనా, కమోడ్ ఉందా, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? అద్దె ఆ తర్వాత.

తప్తపాణి అంటే అడవి కొండల మధ్య చిన్న చోటు. ఊట దగ్గర కంధి అమ్మవారి గుడి, పక్కనే ఊటనీళ్లు చేరే చెరువు. కారు దిగగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. పావుగంటలో ముక్కు అలవాటు పడిపోతుంది. చెరువులో స్నానానికి డబ్బక్కర్లేదు గాని మెట్లు తడిగా, పాచిగా ఉన్నాయి. మా ఆయన ఒక చెయ్యి, వదిన ఒక చెయ్యి పట్టుకుంటే గాని దిగలేకపోయాను. పర్యాటక శాఖ వాళ్ల పంథనివాస్‌లో కొన్ని గదులకి ఊటనీళ్లు నేరుగా తొట్టిలోకి వచ్చే ఏర్పాటుంది. నాలాంటివాళ్లకి ఆ గదే మేలు. పదిమందిలో తడిబట్టలతో నిలబడే పని ఉండదు, నీళ్లు ఎంత వేడి కావాలో మనమే చూసుకోవచ్చు. మేం ఇంటినుంచి తీసుకెళ్లిన ప్లాస్టిక్ స్టూలు తొట్టిలో దిగడానికి బాగా పనికొచ్చింది.

డాక్టరుగారు ముందే హెచ్చరించారు. కీలు ఎర్రగా వాచి కాలుతున్నప్పుడు వేడినీళ్ల జోలికి పోవద్దన్నారు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు అడక్కుండా దిగొద్దన్నారు. చంటిపిల్లకి నీళ్లు పోసేటప్పటిలా మోచేతితో వేడి చూసుకుని, పదిహేను నిమిషాలు కూర్చుని లేచేదాన్ని. మా వదిన "ఇంత దూరం వచ్చి ఇంతేనా" అని ముప్పావుగంట కూర్చుంది. లేవగానే కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. మజ్జిగ తాగించి పడుకోబెట్టాం.

మరి గుణం? రెండో రోజు పొద్దున్న స్నానమయ్యాక నా జడ నేనే అల్లుకున్నాను. ఏడాదిగా చెయ్యలేని పని అది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మూడో రోజూ అలాగే. ఇంటికొచ్చిన నాలుగో రోజుకి మళ్లీ గంటన్నర, మళ్లీ మా ఆయన హుక్కులు. వేడికి కండరాలు వదులై నొప్పి తగ్గుతుంది గాని, కీళ్లని తినేస్తున్న వాపుజబ్బు నీళ్లకి లొంగదు. 2015లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి చూసి నిగ్గుతేల్చే సంస్థ) వాళ్లు రుమటాయిడ్‌కి ఇలాంటి స్నానాల మీద జరిగిన 9 పరిశోధనలు, 579 మంది రోగుల ఫలితాలు కలిపి చూసి, ఏ వైద్యమూ చెయ్యకపోవడం కంటే మేలని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చారు. నా నాలుగో రోజు కూడా అదే చెప్పింది.

ఇదంతా ఎందుకంటున్నానంటే, అంతకు ముందేడాది విశాఖ వైపు ఒక ప్రకృతి వైద్యశాలలో పది రోజులున్నాను. గదులు శుభ్రం, తిండి రుచి, ఎప్సం ఉప్పు తొట్టి స్నానం, మట్టిపట్టీ, అన్నీ హాయిగానే ఉన్నాయి. ఐతే అక్కడొకాయన "ఆ ఇంగ్లీషు మందు విషం, ఆపెయ్యండి" అన్నాడు. వారానికోసారి, ఆదివారం వేసుకునే నా కీళ్లవాతం మాత్ర మెథోట్రెక్సేట్ ఆపేశాను. నెల తిరక్కుండా రెండు మణికట్లూ బూరెల్లా వాచాయి. తర్వాత మూడు నెలలు పట్టింది దారికి రావడానికి. తప్పు సగం నాదే, అడక్కుండా ఆపినందుకు. బస బాగుందని వైద్యం బాగుందనుకున్నాను.

కళింగపట్నం కూడా లెక్కలోకి తీసుకుంటారు కొందరు, సముద్రస్నానం కీళ్లకి మంచిదని. సముద్రంలో ఉప్పు నూటికి మూడున్నర పాళ్లు. మృత సముద్రంలో దానికి పదింతలు, అందుకే అక్కడ మనిషి తేలతాడు. ఇక్కడ తేలేదేమీ ఉండదు, అలకి పడేదే ఉంటుంది. ఇసుకలో నడక నా చీలమండలకి అసలు పడలేదు. లైట్‌హౌస్ చూసి, అంచున కూర్చుని కాళ్లు తడుపుకుని వచ్చేయడం మేలు. నీళ్లలో ఒళ్లు తేలికయ్యే సుఖం కావాలంటే లోతు ఉండాలి. మెడదాకా మునిగితే మన బరువులో పదోవంతే కాళ్లమీద పడుతుంది. తప్తపాణి తొట్టిలో వేడి ఉంది, ఆ లోతు లేదు.

తిరిగొచ్చే ముందు మోహన దారిలో జిరంగ బౌద్ధారామం చూశాం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారట. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మెట్లు మాత్రం లెక్కపెట్టుకుని ఎక్కాలి. మా వదిన పైకెళ్లింది, నేను కింద బెంచీ మీద కూర్చుని వేళ్లు ముడిచీ తెరిచీ చూసుకున్నాను.

వచ్చే చలికాలానికి మళ్లీ వెళ్తాను, నాలుగు రోజులకి. మాత్రల డబ్బా, ఫోలిక్ యాసిడ్, స్టూలు సర్దుకుని. మట్టెలు చింతపండుతో తోమితే తెల్లబడ్డాయి గాని, ఈసారి ఇంట్లోనే వదిలేసి వస్తానంటోంది వదిన.