ఎస్‌ఈలైనక్స్ ఉందని చెప్పి అమ్మే విపిఎస్‌లతో జాగ్రత్త: డబ్బు కట్టిన రోజే ఇవి చూసుకోండి

నమ్మకం లేని స్క్రిప్టులను, బయటివాళ్లు అప్‌లోడ్ చేసిన ఫైళ్లను తెరిచే ప్రోగ్రాములను కట్టడి చేసి నడపడానికి విపిఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) కొంటున్నవాళ్లకు ఈ హెచ్చరిక. ఎస్‌ఈలైనక్స్ అంటే ఏ ప్రోగ్రాం వేటిని ముట్టుకోవచ్చో పాలసీ అనే నియమాలతో కట్టడి చేసే లైనక్స్ భద్రతా వ్యవస్థ; రూట్ అంటే సర్వర్ మీద పూర్తి అధికారమున్న ఖాతా. ప్లాన్ పేజీలో “పూర్తి రూట్, ఎస్‌ఈలైనక్స్ సపోర్ట్” అని ఉంటే చాలనుకోవద్దు. అలా చెప్పి అంటగట్టేవాటిలో వట్టి కంటైనర్లు కూడా ఉంటున్నాయి.

కంటైనర్‌లో మీకు సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉండదు, హోస్ట్ (కింద ఉన్న అసలు సర్వర్) కెర్నల్‌నే అందరూ పంచుకుంటారు. ఎస్‌ఈలైనక్స్ పనిచేసేది కెర్నల్‌లో. అందుకే చేతిలో రూట్ ఉన్నా పాలసీ లోడ్ చేసే అధికారం మీకు రాదు. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎన్‌ఫోర్సింగ్ (నియమాలను అమలుచేసే స్థితి) అని రాసి ఎన్నిసార్లు రీబూట్ చేసినా, స్థితి చెప్పే గెట్‌ఎన్‌ఫోర్స్ కమాండ్ డిసేబుల్డ్ అనే చూపిస్తుంది. పాలసీ ప్యాకేజీలు మాత్రం ఏ ఎర్రరూ లేకుండా ఇన్‌స్టాల్ అయిపోతాయి. అంతా సవ్యంగానే ఉందనిపించేది అక్కడే.

లాగిన్ అవగానే, సర్వర్ ఏ రకమో చెప్పే సిస్టమ్‌డి-డిటెక్ట్-విర్ట్ కమాండ్ కొట్టండి. ఎల్ఎక్స్‌సీ అనో ఓపెన్‌విజెడ్ అనో వస్తే అది కంటైనరే, ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయకుండా రీఫండ్ అడగండి. కేవీఎం (సొంత కెర్నల్ నడిచే వర్చువల్ మెషిన్) అని వస్తే సంతోషమే, కానీ అక్కడితో ఆగొద్దు. యూనేమ్ -ఆర్ చూపించే కెర్నల్ వెర్షన్ బూట్ ఫోల్డర్‌లో ఉన్న కెర్నళ్లలో ఒకటేనా చూడండి. కాకపోతే కెర్నల్‌ను బయటినుంచి వాళ్లే ఎక్కిస్తున్నారని అనుమానించాలి. తర్వాత సిస్ కింద కెర్నల్, అందులో సెక్యూరిటీ, అందులోని ఎల్ఎస్ఎం ఫైల్‌ను (నడుస్తున్న భద్రతా మాడ్యూళ్ల పేర్లుండేది) క్యాట్ కమాండ్‌తో చదవండి. ఆ వరుసలో ఎస్‌ఈలైనక్స్ పేరు లేకపోతే ప్రస్తుతం అది నడవడం లేదన్నమాటే.

అసలు ప్రమాదం ఎర్రర్ ఇవ్వకుండా ఊరుకునే కమాండ్లతో. ప్రోగ్రాంను ఫలానా ఎస్‌ఈలైనక్స్ లేబుల్‌తో నడిపే రన్‌కాన్ నయం, ఎస్‌ఈలైనక్స్ లేని కెర్నల్ మీద పనిచేయనని చెప్పేసి ఆగిపోతుంది. సర్వీసులను నడిపే సిస్టమ్‌డి అలా కాదు. సర్వీస్ ఫైల్‌లో ఎస్‌ఈలైనక్స్‌కాంటెక్స్ట్ లైన్ రాసినా, ఎస్‌ఈలైనక్స్ ఆపేసి ఉంటే దాన్ని పట్టించుకోకుండా సర్వీస్‌ను మొదలుపెడుతుంది. స్టేటస్‌లో పచ్చగా యాక్టివ్ అని కనిపిస్తుంది, కట్టడి మాత్రం సున్నా. సర్వీస్‌ను బయటి నెట్‌వర్క్ నుంచి విడదీసే ప్రైవేట్‌నెట్‌వర్క్‌దీ అదే తీరు: నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (కెర్నల్ ఇచ్చే విడి నెట్‌వర్క్) దొరకని చోట ఆ సెట్టింగ్ అమలు కాకపోవచ్చు, భద్రతకు దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని సిస్టమ్‌డి మాన్యువలే చెబుతుంది.

కాబట్టి సెట్టింగ్ రాసి వదిలేయకుండా పరీక్షించండి. సిస్టమ్‌డి-రన్‌కు --పైప్, --వెయిట్, -పి ప్రైవేట్‌నెట్‌వర్క్=యెస్ ఇచ్చి ఐపీ అడ్రస్ కమాండ్ నడపండి. ఎల్ఓ (సర్వర్ లోపలికే పరిమితమైన లూప్‌బ్యాక్) ఒక్కటే కనిపించాలి. మీ పబ్లిక్ ఐపీ కనిపించిందా, కట్టడి లేదు. అలాగే సిస్టమ్ ఫైళ్లను మార్చనీయని ప్రొటెక్ట్‌సిస్టమ్=స్ట్రిక్ట్ ఇచ్చి ఈటీసీలో టచ్‌తో ఒక ఫైల్ పెట్టబోండి. రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్ అని ఎర్రర్ రావాలి. ఈ పరీక్షకు డైనమిక్‌యూజర్ (తాత్కాలిక యూజర్‌గా నడిపే సెట్టింగ్) జతచేయకండి. అది ఉంటే మామూలు పర్మిషన్ల వల్లే ఫైల్ పడదు, దాంతో ప్రొటెక్ట్‌సిస్టమ్ పనిచేసిందో లేదో తెలియదు.

కేవీఎం అయి ఉండి టెంప్లేట్‌లో ఎస్‌ఈలైనక్స్ ఆపేసి ఇస్తే అది సరిచేసుకోదగ్గ లోపమే, కానీ తొందరపడొద్దు. నేరుగా ఎన్‌ఫోర్సింగ్ పెడితే ఎస్‌ఈలైనక్స్ లేబుల్ లేని ఫైళ్ల వల్ల లాగిన్ దగ్గరే ఆగిపోవచ్చు. ముందు కాన్ఫిగ్‌లో పర్మిసివ్ (అడ్డుకోకుండా నమోదు మాత్రమే చేసే స్థితి) పెట్టి, కెర్నల్ కమాండ్ లైన్‌లో ఎస్‌ఈలైనక్స్=0 ఉంటే గ్రబ్బీ కమాండ్‌తో తీసేయండి. రెడ్‌హ్యాట్ 9లో పూర్తిగా ఆపడానికి వాడేది ఈ పారామీటర్‌నే. ఫైళ్లకు మళ్లీ లేబుళ్లు పడేలా రూట్ డైరెక్టరీలో .ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైల్ పెట్టి, వెబ్ కన్సోల్ తెరిచి ఉంచుకుని రీబూట్ చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ మార్చి ఉంటే, ఉదాహరణకు 2222కి, సీమ్యానేజ్ కమాండ్‌తో ఆ పోర్ట్‌కు ఎస్‌ఎస్‌హెచ్_పోర్ట్_టి లేబుల్ ఇవ్వడం మరవొద్దు. లేకపోతే ఎన్‌ఫోర్సింగ్‌లోకి మారాక సర్వర్ బయటే మిగిలిపోతారు. ఆసెర్చ్ -ఎం ఏవీసీ కమాండ్‌లో వచ్చే తిరస్కరణలన్నీ చూసి సరిచేశాకే ఎన్‌ఫోర్సింగ్‌కు మారండి.

ఇక నిజమైన ఎస్‌ఈలైనక్స్ మీద కూడా చాలామంది పడే పొరపాటు ఒకటుంది. రన్‌కాన్ -ఎల్‌తో ఎస్0:సీ1,సీ2 లాంటి కేటగిరీ ఇస్తే ప్రాసెస్ విడిపోయిందనుకుంటారు. మామూలుగా వచ్చే టార్గెటెడ్ పాలసీలో లాగిన్ యూజర్ నడిచేది అన్‌కన్‌ఫైన్డ్_టి అనే కట్టడి లేని టైపులో. కేటగిరీల గోడ వర్తించేది అందుకని గుర్తించిన టైపులకే, అంటే కంటైనర్_టి, శాండ్‌బాక్స్_టి వంటివాటికి. అన్‌కన్‌ఫైన్డ్_టిలోనే ఉండి కేటగిరీ మార్చుకుంటే ఏ ఉపయోగమూ లేదు. ఐడీ -జెడ్ కమాండ్ చూపించేదానిలో మూడో ముక్క (అదే టైపు) ఏమిటో ముందు చూడండి. టైపు మార్చాలంటే పాలసీలో ఆ మార్పుకు అనుమతి ఉండాలి, ప్రోగ్రాం ఫైల్ ఆ టైపుకు ఎంట్రీపాయింట్ (అందులోకి ప్రవేశించడానికి ఒప్పుకున్న ఫైల్) కూడా అయి ఉండాలి. లేకపోతే పర్మిషన్ డినైడ్ వస్తుంది, అప్పుడు కోపంతో, సిస్టమ్ మొత్తాన్ని పర్మిసివ్‌లోకి మార్చే సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టకండి. ఒక ఫైల్‌ను చదివి ఫలితం ఇచ్చే చిన్న పనులకైతే పాలసీకోర్‌యుటిల్స్-శాండ్‌బాక్స్ ప్యాకేజీలోని శాండ్‌బాక్స్ కమాండ్ చాలు. ఫైల్ పేరు ఇవ్వకుండా క్యాట్‌తో పైప్ చేసి పంపండి, ఎందుకంటే లోపలున్న ప్రోగ్రాం మీ ఫైళ్లను సొంతంగా తెరవలేదు.

ఉబుంటులో అయితే మామూలుగా ఎస్‌ఈలైనక్స్ బదులు యాప్‌ఆర్మర్ ఉంటుంది, ఏఏ-స్టేటస్ కమాండ్‌తో చూసుకోండి.

కొనేముందు సపోర్ట్‌కు టికెట్ రాసి రెండు విషయాలు అడగండి: ఇది కేవీఎమా, కెర్నల్ నా డిస్క్ నుంచే బూట్ అవుతుందా? చాట్‌లో ఇచ్చిన మాట తర్వాత నిలబడదు, జవాబు టికెట్‌లోనే ఉండాలి. పై పరీక్షల అవుట్‌పుట్‌ను తేదీతో సహా సేవ్ చేసి, రీఫండ్ గడువు దాటకముందే ఆ టికెట్‌కే జతచేయండి. ప్లాన్ మార్చినా, ఓఎస్ మళ్లీ ఎక్కించినా మొదటినుంచి ఇవన్నీ మరోసారి నడపాల్సిందే.