రోడ్ సైక్లింగ్‌కి బస ఎక్కడ వేయాలి: మయోర్కా, డోలమైట్స్, ఆల్ప్స్, ఇంకొన్ని

రోడ్ సైక్లింగ్ కోసం యూరప్ వెళ్లాలనుకునేవాళ్లు మొదట కొండల పేర్లు రాసుకుంటారు. స్టెల్వియో, గాలిబియే, ఆల్ప్ డ్యుయెజ్. అందులో తప్పేమీ లేదు, వాటిని టీవీలో చూసే కదా మనకీ పిచ్చి పట్టేది. కానీ వరసగా వారం రోజులు తొక్కాలనుకున్నప్పుడు యాత్ర ఎలా సాగుతుందన్నది చాలావరకు మనం దిగిన ఊరే తేల్చేస్తుంది. గది తలుపు తీసుకుని బయటికి రాగానే ఎన్ని వైపులకు దారులున్నాయి? కాళ్లు లాగేస్తున్న రోజున తిరగడానికి చదును రోడ్డు ఉందా? లారీల మధ్య ఇరుక్కోకుండా కొండ మొదలు దాకా చేరగలమా? నేను తొక్కిన ప్రాంతాలన్నిటినీ ఈ ప్రశ్నలతోనే తూచి చూస్తున్నాను.

ఈ లెక్కన మొదటిసారి వెళ్లేవాళ్లకు మయోర్కాను మించింది లేదు. స్పెయిన్‌కి చెందిన ఈ దీవిలో వాయవ్య తీరం పొడుగునా సెర్రా దె త్రముంతానా కొండలు, మధ్యలో చదును పొలాలు. ఉత్తరాన పొల్యెన్సా రేవులో గానీ అల్కూదియాలో గానీ దిగితే రెండూ చేతికందుతాయి. ఒకరోజు కొండ, మర్నాడు రాతిగోడల మధ్య సాగే సన్నటి పల్లె దారుల్లో సీనెవు, పెత్రా వైపు షికారు. పెత్రా ఊరి నడిబొడ్డు చౌకులో వసంతకాలంలో మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ కనిపిస్తాయి. అటు ఫోర్మెంతోర్ లైట్‌హౌస్ దాకా వెళ్లే రోడ్డు కూడా పొల్యెన్సా రేవు నుంచే మొదలవుతుంది. ఎండాకాలంలో ఆ రోడ్డు మీద పగటిపూట సొంత కార్లకు ఆంక్షలుంటాయి, సైకిళ్లను మాత్రం పోనిస్తారు.

ఇక సా కలోబ్రా. ఎత్తు చూస్తే ఆల్ప్స్ ముందు ఏమీ కాదు, 700 మీటర్ల లోపే. పొడవు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, సగటు వాలు 7 శాతం. దీని వింత ఏమిటంటే ముందు దిగాలి, తర్వాతే ఎక్కాలి. రోడ్డు సముద్రం దగ్గర ఆగిపోతుంది, సైకిల్ మీద వెనక్కి రావడానికి వేరే దారి లేదు. ఆంతోనియో పరియెత్తి అనే ఇంజినీరు గీసిన ఈ రోడ్డు 1932లో పూర్తయింది. పైన ఒకచోట కొండ మరీ నిటారుగా ఉండి హెయిర్‌పిన్‌కి (వెనక్కి తిరిగే పదును మలుపుకి) చోటు దొరకక, ఆయన రోడ్డును గుండ్రంగా తిప్పి దాని కిందనుంచే దూర్చాడు. స్థానికులు దాన్ని టై ముడి అని పిలుస్తారు. దిగేటప్పుడు ఆ వంతెన మీద ఉన్నామని కూడా తెలియదు. ఎక్కేటప్పుడు మాత్రం తలెత్తితే ఆ రాతి వంతెన నెత్తిమీదే కనిపిస్తుంది. అప్పటికి కాళ్లలో సత్తువ అయిపోవస్తుంటుంది కాబట్టి శిఖరం దగ్గరపడిందన్న ఆ గుర్తు ఎంత ధైర్యమిస్తుందో అక్కడ తొక్కితేగానీ తెలియదు. పొద్దున్నే వెళ్లడం తప్పనిసరి. పది దాటాక టూరిస్టు బస్సులు దిగడం మొదలవుతుంది, ఒక్కో మలుపులో బస్సు ముందుకీ వెనక్కీ కదులుతుంటే వెనక మనం పెడల్ మీద నిలబడి పడిగాపులు కాయాలి.

ఇదే దీవిలో సోయేర్‌లో దిగితే కథ మారిపోతుంది. ఊరు చాలా అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ చుట్టూ కొండలే, తీరం వైపు కాస్త దూరం తప్ప ఎటు వెళ్లినా ఎక్కుడే. పుయిగ్ మజోర్ కొండ వైపు నేరుగా అక్కడినుంచే దాదాపు 14 కిలోమీటర్ల ఎక్కుడు. గట్టి కాళ్లున్నవాళ్లకు పండగే. మూడోరోజుకి విశ్రాంతి కోరేవాళ్లకు మాత్రం బస పొల్యెన్సా వైపే మేలు.

సేవల విషయంలోనూ మయోర్కా ముందుంటుంది. హోటళ్లలో తాళం వేసే సైకిల్ గది, కడగడానికి గొట్టం, పని స్టాండు, గాలి పంపు ఉండటం అక్కడ మామూలు. బుక్ చేసే ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆ గదికి రాత్రి ఎవరైనా కాపలా ఉంటారా, తాళం చెవి అందరికీ ఇస్తారా, లేక డెస్క్ దగ్గరే ఉంచుతారా. ఇంకొకటి, టిఫిన్ ఎన్నింటికి మొదలుపెడతారు. ఎనిమిదింటికి అన్నారంటే సా కలోబ్రా బస్సుల వెనకే అని అర్థం. సీజన్ ఫిబ్రవరి నుంచి ఊపందుకుంటుంది. ఏప్రిల్ అన్నివిధాలా మంచిది, కాకపోతే ఏప్రిల్ చివర్లో జరిగే మయోర్కా 312 రైడ్ చుట్టూ గదులు దొరకవు.

అద్దె సైకిళ్ల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మిగతా అన్ని చోట్లకీ ఇది పనికొస్తుంది. ఒక ఊళ్లో (పేరెందుకు) కాంపాక్ట్ గేర్లు (కొండలెక్కడానికి తేలికైనవి) కావాలని రాసి మరీ బుక్ చేసుకుంటే, తీరా వెళ్లాక ముందు పెడళ్ల దగ్గర 52, 36 పళ్ల చైన్‌రింగులు, వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం 28 పళ్లే ఉన్న క్యాసెట్‌తో బండి చేతిలో పెట్టారు. 8 శాతం వాలు మీద గంటసేపు దాన్ని తిప్పడమంటే మోకాళ్లకు శిక్షే. ముందు చిన్నదానికి 34, వెనక పెద్దదానికి కనీసం 32 పళ్లు ఉండాలని ఈమెయిల్‌లో అంకెలతో సహా ఒప్పించుకోండి. పెడళ్లు, సీటు ఎత్తు కొలత వెంట తీసుకెళ్లండి. బండి తీసుకోగానే ఏ చేతి లీవరు ఏ బ్రేకో నొక్కి చూసుకోండి, కొండ దిగుతూ కనుక్కునే విషయం కాదది.

ఇటలీలోని డోలమైట్స్ కొండల దగ్గరికొస్తే నాకు మాటలు చాలవు. రోడ్డు మీద నుంచి కనిపించేదాన్ని బట్టి మాత్రమే మార్కులు వేస్తే మిగతా ప్రాంతాలేవీ దీని దరిదాపుల్లోకి రావు. పచ్చిక బయళ్ల మీద నిట్టనిలువుగా లేచిన లేత రంగు రాతి గోడలు, సాయంత్రం ఎండ పడితే గులాబీ రంగుకి తిరుగుతాయి. అందం ఒక్కటే అయితే ఇంత చెప్పను. అక్కడి కనుమలు ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. సెల్లా అనే కొండ సముదాయం చుట్టూ కంపొలోంగో, పోర్దొయ్, సెల్లా, గార్దేనా అని నాలుగు కనుమలు. కోర్వారాలో బయల్దేరి నాలుగూ దాటి మళ్లీ కోర్వారాకే చేరే చుట్టు రమారమి 55 కిలోమీటర్లు, ఎక్కేది 1,700 మీటర్ల పైచిలుకు. కంపొలోంగో ఎత్తు 1,875 మీటర్లు, మిగతా మూడూ 2,000 దాటినవే. ఏ కనుమా గంటన్నరకు మించి ఏడిపించదు. ఎక్కి, దిగి, ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో లోయ, ఇంకో కొండ ముఖం. అరబ్బా నుంచి పోర్దొయ్ ఎక్కుతుంటే 33 మలుపులు, వాలు ఎక్కడా 7 శాతం చుట్టుపక్కలే తప్ప నడ్డి విరిచేలా ఉండదు, లయ దొరికితే అలా సాగిపోతాం. కాళ్లను నిజంగా పరీక్షించుకోవాలంటే జావు కనుమ ఉంది. సెల్వా ది కదోరె వైపు నుంచి పది కిలోమీటర్లు, సగటే 9 శాతం పైన.

లోటు లేదా అంటే ఉంది. జులై, ఆగస్టుల్లో ఈ కనుమలు మోటార్‌సైకిళ్ల హోరుతో నిండిపోతాయి. మలుపు లోపలి అంచున మనం పోతుంటే పక్కనుంచి గుంపులుగా దూసుకుపోతారు. అందుకే జూన్ గానీ సెప్టెంబరు గానీ ఎంచుకోవాలి. సెల్లారోండా బైక్ డే అని ఏటా కొన్ని రోజులు ఈ నాలుగు కనుమలనూ వాహనాలకు మూసేసి సైకిళ్లకు వదిలేస్తారు. జులై మొదట్లో జరిగే మారతోనా అనే పెద్ద రైడ్ రోజున కూడా రోడ్లు మూసేస్తారు గానీ, దాని పెద్ద రూటు 138 కిలోమీటర్లు, 4,230 మీటర్ల ఎక్కుడు, పైగా ప్రవేశానికి లాటరీ. బైక్ డే అయితే ఎవరైనా వెళ్లిపోవచ్చు, టెన్షన్ ఉండదు.

వాతావరణాన్ని అక్కడ ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములు రావడం ఎండాకాలంలో మామూలే. పైన చెమటతో తడిసిన జెర్సీతో దిగుడు మొదలుపెడితే పది నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు లీవరు నొక్కడమే కష్టమవుతుంది. జేబులో పట్టే గాలి జాకెట్, పల్చటి గ్లౌజులు కింద ఎంత ఎండగా ఉన్నా వెంట ఉండాలి. బస విషయానికి కోర్వారా సౌకర్యమే, అయితే గుమ్మం దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. వేడెక్కని కాళ్లతో కనుమ ఎక్కడం నచ్చనివాళ్లు లోయలో కాస్త దిగువన ఉన్న లా విల్లా, బదియా ఊళ్లు చూసుకోవచ్చు. అక్కడి బస మయోర్కా కంటే బాగా ఖరీదు, సెప్టెంబరు మూడోవారం దాటితే చాలా హోటళ్లు మూతపడటం మొదలవుతుంది.

ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో ఎక్కువమంది బూర్ ద్వాజాన్‌లో దిగుతారు, ఆల్ప్ డ్యుయెజ్ మొదలయ్యేది అక్కడే కనుక. 21 మలుపులు, 13.8 కిలోమీటర్లు, సగటు 8.1 శాతం. 1952లో టూర్ ద ఫ్రాన్స్ రేసు మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు గెలిచింది ఇటలీ రైడర్ ఫౌస్తో కొప్పి. మలుపుల అంకెలు కిందనుంచి 21, 20, 19 అని తగ్గుతూ వస్తాయి, ఒక్కో దానిమీద విజేతల పేర్లు. మొదటి రెండు కిలోమీటర్లే అన్నిటికంటే కఠినం కాబట్టి కింద ఉత్సాహం ఆపుకోవాలి. కొందరు పైనున్న స్కీ రిసార్టులో గది చవకగా దొరికిందని అక్కడ దిగుతారు. అలా చేయకండి. ఎక్కడికి వెళ్లొచ్చినా ఆఖర్న మళ్లీ కొండ ఎక్కే గది చేరాలి.

బూర్ ద్వాజాన్‌తో నాకున్న ఇబ్బంది లోయ రోడ్డు. గాలిబియే వైపు వెళ్లాలంటే లారీలు, సొరంగాలు ఉన్న పెద్ద రోడ్డే దిక్కు. వెనక లైటు వేసుకున్నా సొరంగంలో లారీ శబ్దం వింటుంటే గుండె దడదడలాడుతుంది. అందుకే నా ఓటు కొండకి అవతల ఉన్న మోరియెన్ లోయకి. సాన్ జాన్ ద మోరియెన్ చూడటానికి మామూలు పరిశ్రమల ఊరు, ఫొటోల్లో గొప్పగా ఉండదు. కానీ అక్కడినుంచి క్రొవా ద ఫేర్, మదలేన్, తెలెగ్రాఫ్, గాలిబియే కనుమలన్నీ అందుతాయి. ఖాళీ సాయంత్రానికి మోంవెర్నియే లాసే ఉంది, మూడున్నర కిలోమీటర్లలో కొండగోడ మీద పదిహేడు పద్దెనిమిది మలుపులు పేర్చిన బుల్లి రోడ్డు.

గాలిబియే గురించి కాస్త ఎక్కువే చెప్తాను. అదే లోయలోని సాన్ మిషెల్ నుంచి తెలెగ్రాఫ్ 12 కిలోమీటర్లు, 1,566 మీటర్ల దాకా. తర్వాత వల్వార్ ఊరికి చిన్న దిగుడు. అక్కడినుంచి 18 కిలోమీటర్లు ఎక్కితే 2,642 మీటర్ల దగ్గర శిఖరం. ఫ్రాన్స్‌లో పేరున్న కనుమల మీద కిలోమీటరుకొక చిన్న పలక ఉంటుంది: ఇప్పుడున్న ఎత్తు, శిఖరానికి మిగిలిన దూరం, రాబోయే కిలోమీటరు సగటు వాలు. ప్లాన్ లషా అనే చోట రోడ్డు వాగు దాటి కుడికి తిరిగేసరికి చెట్లుండవు, గాలి పల్చబడుతుంది, పలక మీది అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. మిగిలింది ఎనిమిది కిలోమీటర్లు. ఇక్కడ ఆ పలకలే మనకు తోడు. వాలు 8 శాతం అని చూస్తే గేరు దించి ఊపిరి సర్దుకుంటాం, 7 కనిపిస్తే రెండు గుక్కల నీళ్లు తాగే ధైర్యం వస్తుంది. ఇంత ఉపయోగపడే సేవ మరే దేశంలోనూ నాకు తారసపడలేదు, దానికి పైసా ఖర్చు కూడా లేదు. మంచు వల్ల గాలిబియే సాధారణంగా జూన్ మొదటివారాలకుగానీ తెరుచుకోదు. అంతకు ముందు టికెట్లు కొనే పనైతే కనుమ తెరిచారో లేదో చూసుకునే కొనాలి.

జిరోనాది వేరే స్వభావం. స్పెయిన్ ఈశాన్యంలోని ఈ ఊళ్లో చాలామంది ప్రొఫెషనల్ రైడర్లు కాపురముంటారు, కారణం రెండురోజుల్లోనే అర్థమవుతుంది. పెద్ద కొండలు దగ్గర్లో లేవు, రొకకొర్బా ఒక్కటే ఊపిరి తీస్తుంది. మిగతావన్నీ చిన్న ఎక్కుళ్లు, అడవి దారులు, తొస్సా దె మార్ దాకా సముద్రం అంచున మెలికలు తిరిగే రోడ్డు. వెనక ఓపిగ్గా ఆగే డ్రైవర్లు. సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచాలని స్పెయిన్‌లో చట్టం ఉంది, అక్కడ దాన్ని పాటిస్తారు కూడా. పాత ఊళ్లో గది తీసుకుంటే అందంగా ఉంటుంది గానీ రాళ్లు పరిచిన మెట్ల సందుల్లో బండి మోసుకుని పైకెక్కాలి. నది అవతలి వైపు తీసుకుంటే ఆ బాధ ఉండదు. సైకిల్ రిపేరు షాపులు కూడా అటే దగ్గర. నెలరోజులు ఒకేచోట ఉండి తొక్కే అవకాశం వస్తే ఇంకో ఆలోచన లేకుండా నేను జిరోనాకే వెళ్తాను.

డిసెంబరు, జనవరి తప్ప సెలవు దొరకనివాళ్లకు స్పెయిన్‌కే చెందిన తెనెరిఫె దీవి. సముద్ర మట్టం నుంచి తెయిదే అగ్నిపర్వతం కింది మైదానం దాకా, అంటే 2,000 మీటర్ల పైకి, ఆపకుండా ఎక్కే రోడ్లున్నాయి. మేఘాల పొర దాటి ఎండలోకి బయటపడటం గొప్పగా ఉంటుంది. కానీ తీరం దగ్గర ట్రాఫిక్ ఎక్కువ, చదును అన్నదే లేదు, రోజూ అదే కొండ. వారానికి మించి నేను ఉండలేను. వెళ్తే మాత్రం దక్షిణం వైపే దిగండి, ఉత్తరం చలికాలంలో తడిగా ఉంటుంది. కొండ మీదికి దగ్గరగా కావాలంటే విలాఫ్లోర్ ఊరుంది.

కొండలే వద్దనుకునేవాళ్లకు బెల్జియంలోని ఫ్లాండర్స్. ఔదెనార్డెలో దిగితే రేసుల్లో చూసిన రాళ్ల ఎక్కుళ్లన్నీ చుట్టూరా ఉంటాయి. పాతెర్‌బెర్గ్ 360 మీటర్లే, కానీ సగటు దాదాపు 13 శాతం, పైగా రాళ్లు పరిచిన రోడ్డు. తడిగా ఉన్నప్పుడు సీటు మీద నుంచి లేస్తే వెనక చక్రం జారిపోతుంది, కూర్చునే తొక్కాలి. 28 మిల్లీమీటర్ల కంటే సన్నటి టైర్లతో వెళ్లొద్దు, 32 దొరికితే ఇంకా మంచిది. దారి వెతుక్కోవడం అక్కడ చాలా తేలిక: కూడళ్లన్నిటికీ అంకెలుంటాయి, పొద్దున వెళ్లాల్సిన అంకెలు వరసగా కాగితం మీద రాసి హ్యాండిల్‌కి అతికించుకుంటే ఫోన్ తీయాల్సిన పని లేదు. ఏప్రిల్ మొదట్లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రేసు వారంలో గదులు దొరకవు, మే నెలలో సులభంగా దొరుకుతాయి.